మియాపూర్ నుంచి వనస్థలిపురంలో నాన్న కంప్యూటర్‌లోకి వెళ్లాలి, పోర్ట్ ఫార్వర్డ్ చేసినా పని చేయట్లేదు

మియాపూర్ మెట్రో · శుక్రవారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. నేను ఉండేది మియాపూర్‌లో, అమ్మానాన్నలు వనస్థలిపురంలో. నాన్న రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేక ఓ పది పన్నెండు షాపులకి ట్యాలీ ఎంట్రీలు, జీఎస్‌టీ రిటర్నులు చూసిపెడుతున్నారు. ప్రతి నెలా 3బీకి (నెలవారీ జీఎస్‌టీ రిటర్ను) 20వ తారీఖు దగ్గర పడుతుందనగా ఫోను. "ఒరేయ్, ఆ ఫైలు ఎక్కడో సేవ్ అయింది, కనపడట్లేదు" అని. "నాన్నా, కింద ఎడమ పక్కన పసుపురంగు బొమ్మ ఉంటుంది చూడండి" అంటూ గంట గడిచిపోతుంది, చివరికి మెట్రో ఎక్కక తప్పదు. ఈ చివర నుంచి ఆ చివరకి 29 కిలోమీటర్లు, ఎల్బీనగర్‌లో దిగి మళ్లీ ఆటో. ఇదంతా ఒక ఎక్సెల్ ఫైలు వెతకడానికి.

పోయిన ఆదివారం వెళ్లి అక్కడ విండోస్ 11 ప్రోలో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేశాను. రౌటర్‌లో 3389 పోర్టుని (రిమోట్ డెస్క్‌టాప్ వాడే తలుపు నంబరు) 192.168.1.105కి, అంటే నాన్న కంప్యూటర్‌కి, ఫార్వర్డ్ చేశాను. అక్కడే నా ల్యాప్‌టాప్ నుంచి చూస్తే టకామని లాగిన్ అడిగింది. మా ఇంటికొచ్చి చూస్తే మాత్రం తిరిగీ తిరిగీ కనెక్ట్ అవ్వట్లేదని మెసేజ్. ఆరు వీడియోలు చూశాను, అందరూ నేను చేసిందే చేస్తున్నారు, వాళ్లకి వస్తోంది నాకు రావట్లేదు. ఎక్కడ తప్పుతోంది?

తీగలోడు · రాత్రి 10:58

అన్నా, వేరే ముచ్చట్లన్నీ తర్వాత. రౌటర్ పేజీలో స్టేటస్ అని ఉంటది, అందులో వ్యాన్ ఐపీ (బయటి వైపు నెట్ చిరునామా) ఎంత చూపిస్తోంది? మొదటి రెండు అంకెల గుంపులు చాలు, మొత్తం పెట్టకు. బ్రౌజర్‌లో "నా ఐపీ ఏంటి" అని కొడితే వచ్చేది కూడా చూడు. రెండూ ఒకటేనా?

మియాపూర్ మెట్రో · శనివారం ఉదయం 9:15

నాన్నకి ఫోన్ చేసి చెప్పిస్తే వాట్సాప్‌లో ఫోటో పెట్టారు, సగం ఫోటో ఆయన బొటనవేలే ఉంది. మిగతా సగంలో 100.72 అని కనపడుతోంది. బ్రౌజర్‌లో వచ్చింది మాత్రం 49తో మొదలవుతోంది, పూర్తిగా వేరే నంబరు.

తీగలోడు · ఉదయం 9:31

అయిపాయె. నువ్వు చేసిందాంట్ల తప్పేం లేదు, దాన్ని సీజీనాట్ అంటరు, అంటే కంపెనీ ఒకే బయటి ఐపీని మస్తు ఇళ్లకి పంచుడు. నేను నాలుగేళ్లు ఫైబర్ లైన్లు గుంజిన, ఇంటింటికీ ఇదే లొల్లి.

ఇట్ల అనుకో. నువ్వు గేటెడ్ కమ్యూనిటీలో ఉన్నవ్. మీ బ్లాక్ వాచ్‌మన్‌కి చెప్పినవ్, "3389 అని ఎవరన్న వస్తే 105వ ఫ్లాట్‌కి పంపు" అని. వాడు రెడీగానే కూసున్నడు. కానీ మెయిన్ గేటు కాడ సెక్యూరిటీ ఉన్నడు చూడు, వాడు కంపెనీ మనిషి, వాడికి ఎవరూ చెప్పలే. వచ్చినోన్ని అక్కడికెళ్లే వాపస్ పంపిస్తున్నడు. నీ వాచ్‌మన్ దాకా ఎవరూ వస్తలేరు.

100.64 నుంచి 100.127 దాకా ఏది కనపడ్డా ఇదే కథ. 10తోటి మొదలైనా దాదాపు ఇదే. 192.168 కనపడితే ఇంకో తీరు, అప్పుడు కంపెనీ డబ్బా ఒకటి, మీరు కొన్న రౌటర్ ఒకటి, రెండూ ఒకదాని వెనక ఒకటి నాట్ (ఒక ఐపీని పంచుడు) చేస్తున్నట్టు. అది బ్రిడ్జ్ మోడ్‌తోటి (కంపెనీ డబ్బాని ఉత్త తీగ లెక్క చేసుడు) మనమే సరిచేసుకోవచ్చు, సీజీనాట్ మన చేతిలో లేదు.

పాత పెంటియం · ఉదయం 10:20

తీగలోడు గారు బాగా చెప్పారు. ఎందుకిలా అయిందో కూడా రెండు ముక్కలు. ఐపీవీ4 (పాత తరహా ఇంటర్నెట్) చిరునామా 32 బిట్లు, అంటే మొత్తం కలిపి 429 కోట్లు. అందులో పంచడానికి మిగిలిన చివరి బ్లాకులు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి. ఫోన్లు, టీవీలు, సీసీ కెమెరాలు అన్నీ ఇంటర్నెట్ అడిగే రోజులొచ్చేసరికి కంపెనీలు ఒక చిరునామాని వందల ఇళ్లకి పంచడం మొదలుపెట్టాయి. దానికోసమే 2012 ఏప్రిల్‌లో 100.64 నుంచి 100.127 దాకా ఉన్న 41,94,304 చిరునామాలు ప్రత్యేకంగా పక్కన పెట్టారు. మీ నాన్నగారి రౌటర్‌లో కనపడింది అందులో ఒకటి.

నేను 90ల్లో మోడెమ్ కీచుకీచుల మధ్య ఇంటర్నెట్ చూసినవాణ్ణి. అప్పుడు డయల్ చేస్తే అసలు సిసలు పబ్లిక్ ఐపీ వచ్చేది. స్పీడు లేదు గానీ దర్జా ఉండేది.

సీటీసీ సాంబ · ఉదయం 10:44

ఇంత పురాణం ఎందుకు బ్రో. కంపెనీకి ఫోన్ చేసి స్టాటిక్ ఐపీ (మారని సొంత ఐపీ) అడుగు, ఏడాదికింతని తీసుకుని ఇచ్చేస్తారు. మా షాపుకి అదే ఉంది. ఐపీ వచ్చాక నీ పోర్ట్ ఫార్వర్డ్ అలాగే పని చేస్తుంది. పది నిమిషాల పని.

రాత్రి షిఫ్ట్ · ఉదయం 11:02

దయచేసి ఆ పని మాత్రం చేయకండి. స్టాటిక్ ఐపీ తీసుకోవడంలో తప్పు లేదు, దాని మీద 3389 బార్లా తెరిచి పెట్టడమే కొంప ముంచుతుంది. నిజం చెప్పాలంటే సీజీనాట్ ఈయనకి మేలే చేసింది, లేకపోతే పోయిన ఆదివారం నుంచి తలుపు తీసే ఉండేది.

మా మేనమామకి మలక్‌పేటలో మెడికల్ షాపు. బిల్లింగ్ కంప్యూటర్‌ని ఇంటి నుంచి చూసుకోవాలని ఎవరో కుర్రాడితో ఇలాగే పోర్టు తీయించుకున్నాడు. పాస్‌వర్డ్ షాపు పేరు, వెనక 123. మూడు వారాలకి ఒక సోమవారం పొద్దున షట్టర్ తీసి చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఏదో తోక తగిలించి ఉంది, డెస్క్‌టాప్ మీద ఒక నోట్‌ప్యాడ్ ఫైలు, అందులో డబ్బు ఏ పద్ధతిలో కట్టాలో రాసి ఉంది. స్టాకు లెక్క, అప్పుల లెక్క అంతా పోయింది. బ్యాకప్ పెన్‌డ్రైవ్ ఉందన్నాడు, తీరా చూస్తే అది ఆ కంప్యూటర్‌కే గుచ్చి ఉంది, దాన్నీ లాక్ చేసేశారు. అత్తయ్య చేత్తో రాసుకున్న అరువు పుస్తకం ఒక్కటే మిగిలింది.

నేను వెళ్లి ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. 4625 అనే నంబరు కింద తప్పు లాగిన్లు నమోదవుతాయి. లాగ్ పొడుగునా అవే, క్షణానికొకటి. అడ్మిన్, అడ్మినిస్ట్రేటర్, యూజర్, టెస్ట్, ఇలా పేర్లు మార్చి మార్చి రాత్రంతా తలుపు కొడుతూనే ఉన్నారు. మనుషులెవరూ కూర్చుని కొట్టరు, ప్రోగ్రాములే తిరుగుతుంటాయి.

సీటీసీ సాంబ · ఉదయం 11:10

పాస్‌వర్డ్ 123 పెట్టుకుంటే ఎవడేం చేస్తాడు. గట్టిది పెట్టి, బయట పోర్టు నంబరు 3389 బదులు 45000 ఏదో ఇస్తే ఎవరికి తెలుస్తుంది?

రాత్రి షిఫ్ట్ · ఉదయం 11:26

పోర్టులు మొత్తం 65,535. వాటన్నిటినీ తట్టి చూడటం యంత్రానికి పెద్ద పనేం కాదు, అవతల ఉన్నది రిమోట్ డెస్క్‌టాప్ అని మొదటి పలకరింపులోనే తెలిసిపోతుంది. ఇక పాస్‌వర్డ్ గట్టిదైతే చాలంటారా, 2019 మేలో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అని ఒక లోపం బయటపడింది, దానికి పాస్‌వర్డే అక్కర్లేదు. విండోస్ 7కి, ఎక్స్‌పీకి కూడా ఉంది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసింది 2014లో, అయినా ఐదేళ్ల తర్వాత దానికి కూడా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చిందంటే ఎంత గాభరా పడ్డారో చూడండి. అలాంటిది రేపు ఇంకొకటి రాదని నేనైతే పూచీ పడను.

సీటీసీ సాంబ · ఉదయం 11:31

సరే గురూ, ఒప్పుకుంటున్నా. మా షాపుది కూడా ఇవాళే మూసేస్తా. మరి ఏం చెయ్యమంటావ్?

రాత్రి షిఫ్ట్ · ఉదయం 11:58

బయటవాళ్లు లోపలికి రావడానికి దారి వెతకడం మానేసి, లోపలి కంప్యూటరే బయటికి వచ్చి మనకోసం నిలబడేలా చేయాలి. సీజీనాట్ లోపలికి రానివ్వదు గానీ బయటికి వెళ్లేవాళ్లని ఆపదు కదా.

టెయిల్‌స్కేల్ అనే యాప్ వాడండి, మన మెషీన్లని ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలుపుతుంది. సొంత వాడకానికి ఉచితం. లోపల వైర్‌గార్డ్ (సొరంగం లాంటి వీపీఎన్) నడుస్తుంది. రెండు కంప్యూటర్లలోనూ వేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే ఒక్కోదానికి 100తో మొదలయ్యే సొంత చిరునామా వస్తుంది (తమాషా ఏంటంటే ఇది కూడా పెంటియం సార్ చెప్పిన ఆ గుంపులోంచే తీసుకుంటుంది, కంగారు పడకండి). రెండు మెషీన్లూ వీలైతే నేరుగా మాట్లాడుకుంటాయి, వీలు కాకపోతే మధ్యలో రిలే (అందించే సర్వర్) ద్వారా, అప్పుడు కాస్త నెమ్మదిస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆ 100 నంబరు కొడితే చాలు. రౌటర్‌లో పెట్టిన పోర్ట్ ఫార్వర్డ్ మాత్రం గుర్తుపెట్టుకుని తీసేయండి, యూపీఎన్‌పీ (పోర్టుల్ని దానంతట అదే తెరిచే సెట్టింగు) ఉంటే అదీ ఆపేయండి.

సీటీసీ సాంబ · మధ్యాహ్నం 12:15

అంటే మన ఇంటి తాళం ఇంకొకడి చేతిలో పెట్టడమే కదా?

రాత్రి షిఫ్ట్ · మధ్యాహ్నం 12:24

అడగాల్సిన ప్రశ్నే. అసలు తాళంచెవులు మీ మెషీన్లలోనే పుడతాయి, అక్కడే ఉంటాయి, వాళ్ల సర్వర్ ఎవరు ఎక్కడున్నారో పరిచయం మాత్రం చేస్తుంది. కానీ మీ అకౌంట్ ఎవరి చేతికైనా చిక్కితే వాడు తన మెషీన్‌ని కూడా అందులో కలుపుకోవచ్చు, కాబట్టి ఆ జీమెయిల్‌కి టూ స్టెప్ తప్పకుండా పెట్టుకోవాలి. అదీ నమ్మకం లేకపోతే పబ్లిక్ ఐపీ తీసుకుని వైర్‌గార్డ్ సొంతంగా పెట్టుకోండి, 51820 యూడీపీ ఒక్క పోర్టు చాలు. సరైన కీ లేనివాడు తట్టినా అది బదులివ్వదు, లోపల ఎవరైనా ఉన్నారో లేదో కూడా తెలియనివ్వదు. అలా చేస్తే మాత్రం రెండిళ్లలోనూ 192.168.1తో మొదలయ్యే చిరునామాలే ఉండకూడదు, ఏది ఎవరిదో తెలియక తికమక పడుతుంది. ఒకచోట 192.168.50 అని మార్చుకోండి.

ఉప్పల్ అక్క · మధ్యాహ్నం 1:40

మా అత్తగారింట్లో ఇదే చేశాను కాబట్టి ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో చెప్తా తమ్ముడూ, నువ్వు పడకు.

మొదటిది, విండోస్ హోమ్ అయితే రిమోట్ డెస్క్‌టాప్‌తో దాంట్లోకి వెళ్లలేం, ప్రో ఉండాలి, మీది ప్రోనే కాబట్టి గొడవ లేదు. రెండోది పాస్‌వర్డ్. ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్లకి పాస్‌వర్డే ఉండదు, లేదా నాలుగంకెల పిన్ ఉంటుంది. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌ని విండోస్ బయటి నుంచి రానివ్వదు, ఆ పిన్ ఇక్కడ చెల్లదు. నేను దీని మీదే ఒక పూటంతా పోగొట్టుకున్నా. మూడోది, టెయిల్‌స్కేల్ సెట్టింగుల్లో "రన్ అన్‌అటెండెడ్" అని ఉంటుంది, అది టిక్ పెట్టకపోతే కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక ఎవరైనా లాగిన్ అయ్యేదాకా లైన్లోకి రాదు. ఇంకా, మామూలుగా 180 రోజులకి కీ గడువు అయిపోయి మళ్లీ లాగిన్ అడుగుతుంది. మనం ఊళ్లో లేనప్పుడే అవుతుంది అది. వెబ్ పేజీలోకి వెళ్లి ఆ ఒక్క మెషీన్‌కి గడువు తీసేయ్.

అసలు సంగతి ఇంకోటుంది. రిమోట్ డెస్క్‌టాప్‌తో నువ్వు లోపలికి వెళ్లగానే అక్కడ మీ నాన్నగారి స్క్రీన్ లాక్ పడిపోతుంది, నువ్వు చేసేది ఆయనకి కనపడదు. ఫైలు వెతికి పెట్టడానికి సరే, "ఇదిగో ఇలా చేయాలి నాన్నా" అని చూపించాలంటే పనికిరాదు. దానికి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాపో, రస్ట్‌డెస్కో వేసుకో, ఇద్దరికీ ఒకే తెర కనిపిస్తుంది. అవి విండోస్ హోమ్‌లోనూ పని చేస్తాయి, సీజీనాట్ ఉన్నా పని చేస్తాయి. నన్నడిగితే నీ అవసరానికి అవే చాలు, కానీ మగపిల్లలకి కష్టమైన దారే ఇష్టం.

కొత్తగా చేరా · మధ్యాహ్నం 2:05

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కూడా టెయిల్‌స్కేల్ వేసుకోవచ్చా? భోజనం టైంలో ఇంట్లో డౌన్‌లోడ్ చూసుకుందామని.

రాత్రి షిఫ్ట్ · మధ్యాహ్నం 2:09

వద్దు. మా ఐటీ వాళ్లకి అది నిమిషంలో కనపడుతుంది, తర్వాత మేనేజర్‌కి మెయిల్ వెళ్తుంది. ఆ మెయిళ్లు రాసేది నేనే. ఫోన్లో వేసుకుని మొబైల్ డేటా మీద చూసుకో.

మియాపూర్ మెట్రో · ఆదివారం రాత్రి 9:50

ఇవాళ పొద్దున్నే వెళ్లి వచ్చాను. ముందు సాంకేతికం కాని సమస్య. నేను "దూరం నుంచి మీ కంప్యూటర్ చూసే యాప్ వేస్తాను నాన్నా" అనగానే ఆయన మౌస్ మీద చెయ్యి పెట్టేసి తీయలేదు. 2019లో ఎనీడెస్క్ (ఇలాంటి రిమోట్ యాప్) పేరుతో జరిగే మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు హెచ్చరించింది కదా, ఆ పేపర్ కటింగ్ ఇప్పటికీ టేబుల్ అద్దం కింద ఉంది. "తొమ్మిది అంకెల నంబరు ఎవరడిగినా చెప్పొద్దని ఇందులో రాశారు, నువ్వైనా సరే చెప్పను" అన్నారు. పక్కనే స్కెచ్ పెన్నుతో 1930 (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) అని పెద్దగా రాసుకున్నారు. నాకు కోపం రాలేదు సరికదా, ముచ్చటేసింది. నంబరు చెప్పే పనే లేకుండా, నా ఒక్క అకౌంట్‌తోనే తప్ప ఎవరూ రాలేని ఏర్పాటని అరగంట చెప్పాక సరేనన్నారు, అదీ "నువ్వు వచ్చే ముందు ఫోన్ చేసి రావాలి" అనే షరతు మీద.

అక్క చెప్పినవన్నీ చేశాను. పాస్‌వర్డ్ నిజంగానే లేదు. పెట్టాం, నాన్న దాన్ని వెంటనే క్యాలెండర్ వెనక రాసుకున్నారు, అది నేను చూడనట్టు ఊరుకున్నా. ఫార్వర్డ్ తీసేశాను. ఇంటికొచ్చి 100 నంబరు కొట్టగానే వచ్చేసింది. అందరికీ బోలెడు థ్యాంక్స్, చాలా తేలిగ్గా నడుస్తోంది.

మియాపూర్ మెట్రో · సోమవారం ఉదయం 9:20

ఎవరైనా ఉన్నారా? రాత్రి ఒంటిగంటకి కూడా వచ్చింది, పొద్దున 8 నుంచి ఆఫ్‌లైన్ అని చూపిస్తోంది. స్లీప్ నిన్ననే పూర్తిగా ఆపేశాను. నాన్న గుడికి వెళ్లారు, ఫోను ఇంట్లోనే పెట్టి వెళ్లారు.

సీటీసీ సాంబ · ఉదయం 9:34

కరెంటు పోయి ఉంటుంది. బయాస్‌లోకి (కంప్యూటర్ లేచేటప్పుడు తెరిచే సెట్టింగులు) వెళ్లి "రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్" అనే దాన్ని పవర్ ఆన్‌కి మార్చు, కరెంటు రాగానే కంప్యూటర్ దానంతట అదే లేస్తుంది. దాంతోపాటు రౌటర్‌కి ఒక మినీ యూపీఎస్ పెట్టు, కంప్యూటర్ ఉండి రౌటర్ లేకపోతే ఏం లాభం. 12 వోల్టులవి మా సీటీసీలో (సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్) ఏ షాపులోనైనా దొరుకుతాయి, కొనేముందు రౌటర్ అడాప్టర్ వెనక ఎన్ని ఆంపియర్లో చూసుకుని రా, ఒకటా రెండా అని. చాలామంది అది చూసుకోకుండా వచ్చి తర్వాత నా మీద అరుస్తారు.

తీగలోడు · ఉదయం 9:41

వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ మీద ప్యాకెట్ కొట్టి కంప్యూటర్‌ని లేపుడు) కూడా పెట్టుకోవచ్చు, కానీ ఆ ప్యాకెట్ ఇంటి నెట్‌వర్క్ లోపలి నుంచే కొట్టాలె, బయటి నుంచి రాదు. కొన్ని రౌటర్ పేజీల్లో దానికి బటన్ ఉంటది. లేకుంటే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న డబ్బా ఎప్పటికీ ఆన్ పెట్టాలె. వైఫై నమ్మకు, ల్యాన్ కేబుల్ పెట్టు, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ బంద్ చెయ్. అయినా ముందు కరెంటు ఉందో లేదో అడుగు.

మియాపూర్ మెట్రో · ఉదయం 11:15

కరెంటు పోలేదు. అమ్మతో మాట్లాడాను. రోజూ ఊడ్చేటప్పుడు ఆ గదిలో గోడ మీద ఉన్న స్విచ్‌లన్నీ వరసగా ఆపేస్తుందట. "రాత్రంతా గుయ్యిమంటూ తిరుగుతోంది, మీ నాన్న ఆపడం మర్చిపోయారనుకుని ఆపేశాను, కరెంటు బిల్లు ఎవరు కడతారు" అంది. రౌటర్ కూడా అదే బోర్డు మీద ఉంది.

ఉప్పల్ అక్క · ఉదయం 11:22

😂 మా ఇంట్లో ఆ స్విచ్ మీద బ్యాండ్‌ఎయిడ్ అంటించాను. మూడేళ్లయింది, ఇంకా ఉంది.

పాత పెంటియం · మధ్యాహ్నం 12:05

మా ఆవిడా అంతే. సర్వర్ రూములో పనిచేసినన్నాళ్లూ నేను ఇంత భద్రత చూడలేదు.

మియాపూర్ మెట్రో · తర్వాతి ఆదివారం రాత్రి 8:30

బయాస్ మార్చాను, స్విచ్ మీద తెల్ల టేపు వేసి "ఆపవద్దు" అని రాశాను, ల్యాన్ కేబుల్ లాగాను, సాంబ అన్న దగ్గర మినీ యూపీఎస్ కొన్నాను (2 ఆంపియర్లది, చూసుకునే వెళ్లాను అన్నా). క్రోమ్ రిమోట్ కూడా వేశాను, నాన్నకి ఒక ఫార్ములా ఇద్దరం ఒకే తెర మీద చూస్తూ చేసుకున్నాం, కర్సర్ దానంతట అది కదులుతుంటే "మెల్లగా పోరా, కళ్లు తిరుగుతున్నాయి" అన్నారు.

సాయంత్రం అమ్మ ఫోన్. టేపు ఉన్న స్విచ్ ఆపలేదట, మెయిన్ బోర్డే ఆపేసిందట, ఫ్యాన్ తుడవడానికి. మళ్లీ వేయగానే ఎవరూ ముట్టుకోకుండా కంప్యూటర్ లేచి కూర్చుందని, "దానికేమైనా గాలి సోకిందా, నిమ్మకాయ కట్టనా" అని అడుగుతోంది. కట్టమన్నాను.